బొంత అందరికీ కావాలి, బేజారు పని అమ్మ ఒక్కదానికేనా?

పోయిన నెల మా చిన్నాయన మనవరాలి నామకరణంలో ఒక సంగతి జరిగింది. పాపను తొట్టిలో వేసే ముందు అమ్మ కుట్టిన చిన్న బొంతను నలుగురికీ పట్టి చూపించినారు. ఎర్ర ఇల్కల్ చీర అంచు, నడుమ తాత పంచె ముక్క, నాలుగు మూలలా పచ్చ గుడ్డ. అందరూ ఫోన్లు తీసి ఫోటోలు పట్టుకున్నారు. "ఎంత ప్రేమగా కుట్టినావు వదినా" అని ఒకరు, "ఇది మన ఇంటి సంప్రదాయం, పోనీకూడదు" అని ఇంకొకరు. పోనీకూడదు అన్న నోటితోనే ఇద్దరు తమకు కూడా ఒకటి కావాలని చెప్పేసినారు. ఒకరి ఇంట్లో మూడు నెలల్లో కాన్పు. ఇంకొకరి కూతురు పై చదువుకు చలి ఊరికి పోతోంది, దానికి పెద్దది కావాల. అమ్మ నవ్వి తల ఊపింది. కాసేపటికి వంటింట్లోకి పోయి చూస్తే కుడి చేతి బొటనవేలి మొదట్లో కొబ్బరినూనె రాసుకుని పిసుక్కుంటా కూర్చోనుంది.

మేము ఈ రోజు రాసేది ఆ బొటనవేలి గురించి.

ముందు ఒక మాట. మేము బళ్ళారివాళ్ళం. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిపోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయినాయి. మా చుట్టాలు ఆ గీతకు రెండు పక్కలా మిగిలిపోయినారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మేమంతా కన్నడ మీడియమే. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నాము కాబట్టి ఎక్కడన్నా దీర్ఘం తప్పితే సర్దుకోండి. ఇది టైపు చేసే చెయ్యి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే చెయ్యి. మాటలు మాత్రం మా ఇంటి మనవలు, మనవరాళ్ళు అందరివీ.

ఇంట్లో మేము బొంత అంటాము. వీధిలోకి వస్తే అదే కౌది. షోలాపురంలో స్థిరపడిన మా చుట్టాలు దాన్నే గోధడి అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. మెత్తబడిన పాత చీరలు, పంచెలు ఒకదాని మీద ఒకటి పరిచి, అన్నిటినీ కలిపి చేత్తో వరసలు వరసలుగా కుట్టేది.

బొంత గురించి మాట్లాడేటప్పుడు మా ఇంట్లో అందరి గొంతూ మెత్తబడుతుంది. అవ్వ చీర వాసన, చలికాలం రాత్రి, అందరూ ఒకే బొంతలో దూరి పడుకున్న రోజులు. అవన్నీ నిజమే. కానీ అవన్నీ బొంత కప్పుకున్నవాళ్ళ జ్ఞాపకాలు. కుట్టినవాళ్ళకు ఏం గుర్తుందో ఎవ్వరమూ అడగలేదు. అందుకే నామకరణం అయిన రెండో రోజు మా ఇంటి ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న వేసినాము. "బొంత పనిలో నీకు అస్సలు నచ్చని పని ఏది?"

అమ్మ మొదట "ఏమీ లేదు, అంతా బాగానే ఉంటుంది" అనింది. కాఫీ తాగినాక మాత్రం మొదలుపెట్టి ముక్కాలు గంట చెప్పింది. సూది కోసం సోదికి పోతే పాత సంగతులన్నీ బయటపడినాయి అంటారే, అట్లయింది.

ఫాలు విప్పేది

మేమంతా కుట్టేదే కష్టం అనుకున్నాము. అమ్మ లెక్కలో మొదటి బేజారు పని అది కాదు. పాత చీరకు ఫాలు విప్పేది. మిషను కుట్టు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటుంది. ఒక్కో పోగూ బ్లేడుతో కోయాల. కొంచెం చెయ్యి జారితే పాత చీర కాబట్టి సర్రున చినిగిపోతుంది. ఫాలు పీకకుండా అట్లే పెడితే అక్కడ గట్టిగా ఒక పట్టీ తగులుతుంది, సూది దిగదు. తర్వాత చీరలను ఉతికి గంజి పోగొట్టాల. కొత్త రంగులు కారతాయేమో ఒక్కొక్కటి వేరుగా నానబెట్టి చూడాల. ఈ పనిలో చూపించడానికి ఏమీ ఉండదు. నాలుగు రోజులు చేసినా ఎదురుగా ఉండేది పాతగుడ్డల కుప్పే.

పైగా మేము ఇచ్చే చీరలు ఎట్లాంటివి? బొంత కావాలని అడిగేవాళ్ళు తెచ్చిచ్చే సంచిలో సగం పాలిస్టర్. చూసేదానికి బాగుంటుంది, చెమట పీల్చదు, పొర మీద పొర నిలవదు, జారుతుంది. అవ్వ కాలంలో కట్టి కట్టి మెత్తబడిన నూలు చీర ఇంటింటికీ ఉండేది. ఇప్పుడు మా అలమారుల్లో చుడీదార్లు, నైటీలు, ఒక్కసారి కట్టి మడిచిపెట్టిన పట్టుచీరలు. మెత్తబడేంతగా ఏ చీరనూ మేము కట్టడం లేదు. ఒక సంచిలో జీన్సు ప్యాంట్లు కూడా వచ్చినాయి. బళ్ళారి అంటే జీన్సు కుట్టే ఊరు కదా, మా వీధిలో ఎవరింటికి పోయినా ముక్కలు దొరుకుతాయి. బొంత నడుమ జీన్సు పెడితే గట్టిగా ఉంటుందని ఎవరికో తోచింది. రెండు సూదులు విరిగినాయి. అమ్మ ఎవ్వరినీ ఏమీ అనలేదు. ఆ ముక్కలు తీసి కాళ్ళు తుడుచుకునే పట్టా చేసేసింది.

పరిచేది

రెండోది పొరలు పరిచేది. ఒక చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది. మూడు మడతలు వేస్తే సుమారు ఆరడుగుల పొడవు, చీర పన్నా ఎంతో అంత వెడల్పు. రెండు చీరలైతే ఆరు పొరలు. కింద నేల సమంగా ఉండాల. ఒక పొర పరిచి అరచేత్తో నడుమ నుంచి అంచుకు తోసుకుంటా పోవాల. మళ్ళీ ఇంకో పొర. ఫ్యాను వేయకూడదు, ఎగిరిపోతుంది. బళ్ళారి ఎండాకాలంలో ఫ్యాను ఆపుకుని మోకాళ్ళ మీద పాకుతా ఈ పని చేసేది ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి. అంతా పరిచినాక పొరలు కదలకుండా జానెడు జానెడుకు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయాల. ఈ కచ్చా కుట్లు చివరికి పీకి పారేసేవే. పారేసే కుట్టును శ్రద్ధగా వేయమంటే ఎవరికి మనసొస్తుంది?

మాకు రాలేదు. అది కూడా చెప్పేస్తాము. 2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు నుంచి అందరమూ ఇంటికి వచ్చి, పగలు ల్యాప్‌టాప్, సాయంత్రం ఏమీ తోచక, మేమే ఒక బొంత కుడతామని కూర్చున్నాము. కచ్చా కుట్లు ఎందుకు, జాగ్రత్తగా పట్టుకుంటే చాలదా అనుకున్నాము. నాలుగు పక్కల నుంచి నలుగురం కుట్టుకుంటా వచ్చినాము. నడిమికి వచ్చేసరికి మిగిలిన గుడ్డంతా అక్కడ చేరి గోపురం మాదిరి లేచి నిలబడింది. అడుగు పొరలో చెయ్యి పట్టేంత మడత. మా ఆఫీసులో దీన్ని మొదటి రోజే పట్టుకోవలసిన తప్పు అంటారు. మేము ఇరవయ్యో రోజు పట్టుకున్నాము. దాన్ని అట్లే మడిచి అటక మీద పడేసి, లాక్‌డౌన్ తీసినాక బెంగళూరు పోయినాము. మళ్ళీ వచ్చినప్పుడు చూస్తే అది సాపుగా, పూర్తిగా, మంచం మీద ఉంది. మేము వేసిన కుట్లన్నీ విప్పి అమ్మ మొదటి నుంచి కుట్టింది. విప్పడానికి ఎన్ని రోజులు పట్టింది అని ఆ రోజు మేము అడగలేదు. ఈ ప్రశ్నల రోజున తెలిసింది. అమ్మకు ఫాలు తర్వాత బేజారు పని ఏమంటే, ఇంకొకరు కుట్టింది విప్పేది.

సూదిలో దారం

ఇప్పుడు ఒక లెక్క. పెద్ద బొంత వెడల్పు నలభై అయిదు అంగుళాలు అనుకుందాము. బొటనవేలి వెడల్పుకు ఒక వరస, అంటే సుమారు అంగుళానికి ఒకటి. నలభై అయిదు వరసలు. ఒక్కో వరస ఆరడుగులు. మొత్తం 270 అడుగుల కుట్టు. అంగుళానికి మూడు కుట్లు వేసినా 9,720. దగ్గర దగ్గర పదివేల సార్లు ఆరు పొరల గుడ్డలోకి సూది తోయాల, పీకాల. తోసేది వేలు, పీకేది బొటనవేలు.

దారం రెండు మూరలకంటే పొడుగు తీసుకుంటే చిక్కు పడుతుంది. ముడికీ, కొసకూ పోగా రెండున్నర అడుగుల పని జరుగుతుంది. అంటే ఒక పెద్ద బొంతకు నూటికి పైన సార్లు సూదిలో దారం ఎక్కించాల. అమ్మకు అరవై దాటింది. అద్దాలు పెట్టుకున్నా సూది కన్ను కనపడదు. దారం కొస నోట్లో తడిపి, వెలుతురుకు పట్టి, తప్పి, మళ్ళీ తడిపి. ఒక్కోసారి అయిదు నిముషాలు. "కుట్టేటప్పుడు చెయ్యి నొస్తుంది, దారం ఎక్కించేటప్పుడు ఏడుపొస్తుంది" అనింది అమ్మ. అదేదో పెద్ద మాట మాదిరి అనలేదు, కాఫీ లోటా కడుగుతా అనింది.

ఇక్కడ మాకు ఒకటి గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు దారం ఎక్కించేది మా పనే. అవ్వ అరుగు మీద కూర్చుని కుట్టేది, మేము వీధిలో ఆడుకునేవాళ్ళం. "రాండ్రా, సూదికి" అని పిలిస్తే పరుగెత్తి వచ్చి ఒకేసారి పది సూదులకు దారం ఎక్కించి, ఆమె చీర కొంగుకు గుచ్చి పోయేవాళ్ళం. ఆట చెడిపోయిందని గొణుక్కునేవాళ్ళం కూడా. అయినా పది నిముషాల్లో అవ్వకు ఒక పూట సాగేది. మేము బడికి, కాలేజికి, బెంగళూరికి పోయినాము. ఆ పని ఎక్కడికీ పోలేదు, అమ్మ ఒళ్ళోకి వచ్చి కూర్చునింది.

మూలలు, ఉతుకుడు

మిగతావాళ్ళ జవాబులు కూడా రాస్తాము. రాయదుర్గం అత్తకు అంచు మడిచి మూలలు కుట్టేది అంటే చిరాకు. మూల దగ్గర ఆరు పొరలు పన్నెండు అవుతాయి, సూది వంగుతుంది, వేలికి గుచ్చుకుంటుంది. మా రాష్ట్రంలోనే యల్లాపుర, హళియాళ దిక్కు సిద్ది ఆడవాళ్ళు కుట్టే కవందికి మూలల్లో గుడ్డ మడిచి చిన్న పువ్వు మాదిరి పెడతారు. అది లేకపోతే కవంది పూర్తి అయినట్టు కాదు. ఆ ఫోటో చూపిస్తే అత్త తల పట్టుకుని "మూల కుట్టేదే చాలదని దాని మీద పువ్వు కూడానా!" అనింది. తర్వాత కాసేపు ఆ ఫోటోనే పెద్దది చేసి చూస్తా కూర్చునింది.

మా పెద్దవదినకు కుట్టు రాదు. ఆమెది ఉతికే బాధ. బెంగళూరు ఫ్లాటులో బొంతను వాషింగ్ మెషీనులో వేస్తే నీళ్ళు పీల్చుకుని ఒక పక్కకు చేరి, మెషీను డబడబా కొట్టుకుని ఆగిపోయింది. బాత్‌రూంలో బకెట్ల నీళ్ళు పోసి కాళ్ళతో తొక్కి ఉతికింది. తడిసిన బొంతను ఒక్క మనిషి ఎత్తలేదు, పిండలేదు. బాల్కనీలో వేస్తే ఆషాఢం ముసురుకు మూడు రోజులైనా ఆరలేదు, ముక్కిపోయిన వాసన. బళ్ళారి ఎండలో ఒక్క పూట పని అది.

అందరికంటే గట్టి జవాబు మా చిన్నమ్మది. "నాకు అన్నీ నచ్చవు. బొంత అంటేనే నచ్చదు" అనింది. మేము నవ్వినాము. ఆమె నవ్వలేదు. ఎండాకాలం సెలవులు వస్తే అన్నలు తుంగభద్ర కాలువలో ఈతకు పోయేవాళ్ళంట. ఆడపిల్లలను బొంతకు నాలుగు పక్కలా కూర్చోబెట్టేవాళ్ళంట. వరస వంకర పోతే అవ్వ విప్పించేదంట. "కాలువ ఎట్లుంటాదో పెండ్లయ్యేదాకా నేను చూడలేదు" అనింది. ఆమె ఇంట్లో ఇప్పుడు ఒక్క బొంత కూడా లేదు. దుకాణంలో కొన్న రగ్గులే. ఇన్నాళ్ళూ మేము ఆమెను "సంప్రదాయం పట్టనిది" అని ఎగతాళి చేసినాము. ఆ తప్పు మాది.

చిన్నమ్మ మాట విన్నాక "అప్పట్లో అందరూ కలిసి చేసుకునేవాళ్ళు" అని రాయడానికి మాకు చెయ్యి రాలేదు. అందరూ కలిసి చేయలేదు. ఆడవాళ్ళూ ఆడపిల్లలూ కలిసి చేసినారు. అదీ ముచ్చటకు కాదు, రగ్గు కొనేదానికి డబ్బు లేక. ఇప్పుడు ఆ ఆడపిల్లలు కూడా లేరు. వాళ్ళు చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, అది మంచిదే. కానీ పని మనుషులు తగ్గినారు, అడిగేవాళ్ళు తగ్గలేదు. పదిమంది పని ఒక్కరికి దిగింది.

మా అభిప్రాయం

మేము చెప్పదలచుకున్నది ఇదే. బొంతను పొగిడేది కొంచెం తగ్గించి, అందులో ఉండే బేజారు పనులను పంచుకుందాము. పంచుకునేదానికి ఎవరికీ ఓపిక లేకపోతే, బొంత అడిగేది మానేద్దాము. పొగిడితే అమ్మకు "కాదు" అనే దారి మూసుకుపోతుంది. "నీ చేతి బొంత లేకుండా మా పాప తొట్టిలో ఎట్ల పడుకుంటుంది" అని అడిగితే, బొటనవేలు నొస్తోంది అని ఏ ముఖంతో చెబుతుంది?

దీనికి మా ఇంట్లోనే మూడు అడ్డుమాటలు వచ్చినాయి.

మొదటిది, మిషను మీద కుట్టేయొచ్చు కదా అని. కుట్టొచ్చు, మాకేమీ అభ్యంతరం లేదు. చంటిపిల్లకు వేసే రెండు మూడు పొరల బొంతకు మిషనే చాలు. ఆరు పొరల పెద్ద బొంత ఇంటి మిషను కింద దూరదు, దూరినా తిప్పలేము. అయినా ఫాలు విప్పేది, ఉతికేది, పరిచేది, కచ్చా కుట్టు వేసేది మిషను చేయదు కదా. అమ్మ మొదట చెప్పిన బేజారు పనులన్నీ అట్లే మిగులుతాయి.

రెండోది, డబ్బిచ్చి కుట్టించుకోవచ్చు కదా అని. మా దిక్కు ఇండ్లకు వచ్చి కూలికి కౌది కుట్టిచ్చే ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో మా ఇంటివాళ్ళు ఎట్ల మాట్లాడతారో మేము చూసినాము. "పాతగుడ్డలు మావే, దారం మాదే, ఉత్త కుట్టుకు ఇంతనా?" అని. ఉత్త కుట్టు! పైన రాసిన పదివేలు గుర్తుపెట్టుకోండి. 2023 జులైలో హంపిలో జి20 సంస్కృతి సమావేశం జరిగినప్పుడు సండూరు లంబాణి ఆడవాళ్ళు కుట్టిన 1,755 వస్తువులను ఒకేచోట పెట్టి గిన్నిస్ రికార్డు చేసినారు. మా జిల్లా పనితనమే కదా అని మేమంతా ఆ వార్తను చుట్టాలందరికీ పంపినాము. అదే మేము గుమ్మం ముందు కూర్చున్న మనిషితో వంద రూపాయలకు గీచి గీచి బేరం ఆడతాము. కూలికి కుట్టించుకోండి, తప్పు లేదు. అడిగినంత ఇవ్వండి. అన్నం పెట్టండి. కూర్చునేదానికి ఫ్యాను కింద చోటు ఇవ్వండి.

మూడోది, పెద్దలు అనింది. "ప్రేమతో చేసే పనికి లెక్కలు కడతారా?" అని. ఈ మాట అన్నవాళ్ళు ఎవ్వరూ ఎప్పుడూ సూది పట్టినవాళ్ళు కారు. అమ్మను అడిగితే "ప్రేమ ఉంది కాబట్టే ఇన్ని కుట్టినాను. చెయ్యి కూడా ఉండాల కదా" అనింది. మేము దానికి ఇంకేమీ కలపము.

ఇకమీద మా ఇంట్లో

టెస్టింగ్‌లో ఒక పద్ధతి ఉంది. తప్పు దొరికితే "బాగాలేదు" అని రాస్తే సరిపోదు. ఎక్కడ, ఎట్ల, ఎవరు సరిచేయాలి అని రాయాల. కాబట్టి మేమూ రాసి పెడుతున్నాము. ఇవి అమ్మకు చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాము.

బొంత కావాల్సినవాళ్ళు నూలు చీరలే తేవాల. ఫాలు విప్పి, ఉతికి, ఆరబెట్టి తేవాల. పాలిస్టరూ జీన్సూ వద్దు.

పొరలు పరిచి కచ్చా కుట్లు వేసే రోజు, అడిగిన ఇంటి నుంచి ఇద్దరు రావాల. అందులో ఒకరు మగవాళ్ళు. నేల మీద పాకేదానికి కుట్టు రావాల్సిన పని లేదు, మోకాళ్ళు ఉంటే చాలు.

ఊరికి ఎవరు వచ్చినా పోయేలోపల ఇరవై సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పోవాల. పది నిముషాల పని. పిల్లలకు కూడా చెప్పండి, మగపిల్లలకు ముందు చెప్పండి.

ఉతికేది, పిండేది, మిద్దె మీదికి మోసేది మా ఇంటి మగవాళ్ళది. వాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకోని ఒకాయన పేరు ఇక్కడ రాయము, ఆయనకు తెలుసు.

ఏడాదికి ఒక్క పెద్ద బొంత. అంతే. మిగతావి కూలికి కుట్టించుకోండి, లేదా రగ్గు కొనుక్కోండి. రగ్గు కొనుక్కుంటే మేము ఎవ్వరమూ ఏమీ అనుకోము. చిన్నమ్మను కూడా ఇకమీద ఎవ్వరూ ఏమీ అనకూడదు.

ఇక ఆఖరుది. అమ్మ "ఈసారి వద్దు" అంటే వద్దు. ఎందుకని అడగకూడదు.

ఇవి పెట్టినాక బొంతలు తగ్గుతాయని మాకు తెలుసు. ఒక రోజు ఆగిపోవచ్చు కూడా. కన్నడంలో హాసిగె ఇద్దష్టు కాలు చాచు అంటారు, పరుపు ఉన్నంతకే కాళ్ళు చాపుకోమని. ఇన్నాళ్ళూ మేము అమ్మ చేతి కంటే పొడుగ్గా చాపుకున్నాము. ఇప్పుడు కొంచెం ముడుచుకుంటే తప్పు లేదు.

పోయిన ఆదివారం చలి ఊరికి పోయే పిల్ల బొంతకు పొరలు పరిచినాము. ఆ పిల్ల, దాని నాయన, మేము ముగ్గురం. ఫ్యాను ఆపేసినాము. పొద్దున పదికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడు అయింది. చెమటకు చేతులు జారి రెండో పొర రెండుసార్లు తీసి పరవాల్సి వచ్చింది. దాని నాయన వేసిన కచ్చా కుట్టు వరస మా వీధి కరెంటు తీగ మాదిరి వంకర టింకరగా పోయింది. అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తా ఉండింది. "విప్పమందువా?" అని అడిగినాడు ఆయన భయంగా. "ఉండనీలే, అది పీకి పారేసేదే కదా" అనింది.

దిండుకు ఇరవై సూదులు గుచ్చి వచ్చినాము. ఫోన్ చేస్తే నాలుగు అయిపోయినాయి అనింది, పదహారు ఉన్నాయంట. ఈ శనివారం ఊరికి పోయేది ఎవరో ముందే చెప్పండి.